బాండు పేపరు మీద రాసుకున్న చట్టం

(చంద్రగిరిలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఊరికి ఒక కాగితంతో సంబంధం ఉంది. 1639లో ఇంగ్లీషు కంపెనీ వాళ్లకు మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చిన పత్రం ఇక్కడి కోటలోనే రాశారని చంద్రగిరి వాళ్లు చెప్పుకుంటారు. రాజమహల్ చూడడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ వినిపిస్తారు. నాకు ఆ కథలో ఆసక్తి కలిగించేది ఒకటే. ఇచ్చినవాళ్లు తామేమి ఇస్తున్నామనుకున్నారో, పుచ్చుకున్నవాళ్లు ఏమి పుచ్చుకున్నారో, ఆ రెంటికీ పొంతన లేదు. మన పల్లెల్లో ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించుకునే కాగితాల సంగతి కూడా చాలావరకు ఇలాగే ఉంటుంది.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'చట్టం గురించి మామూలు జనంలో ఉన్న అపోహలు'. అపోహ అనగానే మనకు వెంటనే అవిద్య, అమాయకత్వం అనే మాటలు తోస్తాయి. వాటిని పోగొట్టడానికి ఒక కరపత్రం వేస్తే సరిపోతుందని కూడా అనిపిస్తుంది. కానీ ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల ట్రంకు పెట్టెల్లో దాచుకున్న కాగితాలు ఏళ్ల తరబడి చదివిపెట్టిన తర్వాత నాకు కలిగిన అభిప్రాయం వేరు. దాదాపు ప్రతి అపోహ వెనకా దానివల్ల లాభపడే మనిషి ఒకరున్నారు. భర్తో, అన్నో, వడ్డీకిచ్చిన ఆసామో, ఫీజు తీసుకుని కాగితం రాసిపెట్టే లేఖరో. అపోహ అలా బతికి ఉండడం వాళ్లకు అవసరం. అందుకే చదువుకున్న ఇళ్లలో కూడా అది నిక్షేపంగా ఉంది. ఎమ్మే చదివిన టీచరు ఒకామె తన విడాకుల బాండు పేపరును లామినేషన్ చేయించి మరీ దాచుకుంది.

ఆ విడాకుల కాగితంతోనే మొదలుపెడతాను. పాకాల వైపు ఒక పల్లెలో ఒకామె. పేరు చెప్పను. మొగుడు బెంగుళూరులో పని చేసేవాడు, ఇంటికి డబ్బు పంపేవాడు కాదు, వస్తే కొట్టేవాడు. నాలుగేళ్లు భరించి పుట్టింటికి వచ్చేసింది. రెండు వైపులా పెద్దమనుషులు కూర్చున్నారు. వంద రూపాయల బాండు పేపరు మీద, ఇకపై ఇద్దరికీ ఎలాంటి సంబంధం లేదనీ, ఎవరిష్టం వచ్చిన పెళ్లి వాళ్లు చేసుకోవచ్చుననీ, అరవై వేలు ముట్టినాయి కాబట్టి ముందుముందు మనోవర్తి అడగననీ రాశారు. అయిదుగురు సాక్షి సంతకాలు చేశారు. "నోటరీ సీలు గూడా ఉందక్కా, చూడు" అని నాకు వేలు పెట్టి చూపించింది. "పెద్దోళ్లంతా కూచ్చోని తెంపేసినారు గదా, ఇంకేముంది అనుకున్న్యా."

ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. ఒక కూతురు పుట్టింది. ఆ రెండో అతనికి ఈమె మొదటి పెళ్లి సంగతి, ఈ కాగితం సంగతి అన్నీ తెలుసు. తెలిసే చేసుకున్నాడు. తీరా మాటపట్టింపులు వచ్చి, ఆమె ఖర్చులకు డబ్బు అడిగిన రోజున అతను అన్న మాట: "నువ్వు నా పెండ్లానివే కాదంట. నీ మొదటి పెండ్లి ఇంకా తెగలేదంట. లాయరును అడిగొచ్చినా." చూడండి, పెళ్లి చేసుకునే రోజున పనికొచ్చిన అపోహ, డబ్బు అడిగిన రోజున పనికిరాకుండా పోయింది. చట్టం తెలిసింది ఎవరికి, ఎప్పుడు తెలిసింది అన్నది కూడా అధికారానికి సంబంధించిన విషయమే.

లాయరు చెప్పింది తప్పు కాదు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్నవాళ్లకు విడాకులు ఇవ్వగలిగింది కోర్టు. ఇద్దరూ ఇష్టపడి విడిపోవడానికి కూడా కోర్టుకే వెళ్లాలి. ఆ వీలు 1976 సవరణతో వచ్చింది. ఏడాదిపాటు విడిగా ఉండి దరఖాస్తు పెట్టాలి, తర్వాత ఆరు నెలలు ఆగాలి. కలిసే ఆశ లేదనుకుంటే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక బాండు పేపరు అంటే ఏమిటి? రాయబోయే దానికి ప్రభుత్వానికి ఇంత సుంకం కట్టామని చూపేది, అంతే. నోటరీ సీలు చెప్పేది ఫలానా వాళ్లు తన ఎదుట సంతకం చేశారని. లోపల రాసింది చెల్లుతుందా లేదా అనే పూచీ ఆ సీలుకు లేదు. పెళ్లి తెగనప్పుడు రెండో పెళ్లి చెల్లదు. పైగా నేరం కూడా. మొదటి భర్తకు కోపం వస్తే ఆమె మీదే కేసు పెట్టగలడు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటేయకూడదు. అదే 1955 చట్టంలో 29వ సెక్షన్, ఆచారం ప్రకారం విడిపోయే హక్కు ఉన్న కులాలకు ఆ హక్కును అలాగే ఉంచింది. రాయలసీమలో చాలా శ్రామిక కులాల్లో విడిపోవడం, మారుమనువు చేసుకోవడం తరతరాలుగా ఉన్నవే. అగ్రకులాల స్త్రీలకు లేని వెసులుబాటు అది. ఒక సామాజిక శాస్త్ర విద్యార్థిగా నాకు దానిమీద గౌరవం ఉంది. కానీ కోర్టులో ఆ ఆచారం ఉందని చెప్పేవాళ్లే రుజువు చేయాలి. మా కులంలో, మా ప్రాంతంలో, ఎంతో కాలంగా, విడవకుండా ఇది నడుస్తోందని సాక్ష్యం పెట్టాలి. బాండు పేపరు మీద సంతకాలు చేసిన ఆ అయిదుగురిలో ఎంతమంది కోర్టు బోను ఎక్కుతారు? నేను చూసిన వాటిలో ఒక్కరూ ఎక్కలేదు. పైగా ఇప్పుడు జరుగుతున్నది ఆ పాత ఆచారం కూడా కాదని నా అనుమానం. ఆచారంలో కులం మొత్తం సాక్షి, ఇచ్చిపుచ్చుకోవడాలకు లెక్క ఉండేది. ఈ బాండు పేపరు దాని పేరు వాడుకుంటున్న కొత్త వ్యవహారం.

ఇంకా అన్యాయం ఏమిటంటే, విడాకులుగా చెల్లని ఆ కాగితం ఆమెకు వ్యతిరేకంగా మాత్రం బాగా చెల్లుతుంది. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే మనోవర్తి రాదని చట్టంలోనే ఉంది. పాత 125వ సెక్షన్లోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144లోనూ ఉంది. మొదటి భర్త లాయరు ఆ బాండు పేపరును ఎత్తి చూపుతాడు: "ఇష్టపడి విడిగా ఉంటోంది, ఇదిగో సంతకం." ఇక 'మనోవర్తి అడగను' అన్న వాక్యం మాటకొస్తే, చట్టం ఇచ్చిన ఆ హక్కును అలా రాసిచ్చి వదులుకోవడం ప్రజాహితానికి విరుద్ధమని కోర్టులు పలుమార్లు చెప్పాయి. కాబట్టి ఆ వాక్యం చూసి మనం బెదిరిపోనక్కరలేదు, పోరాడవచ్చు.

ఈ మధ్య వచ్చిన ఒక తీర్పు మీరంతా గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాదులో ఒకామె 2005లో మొదటి భర్తతో ఇలాగే ఒప్పంద పత్రం రాసుకుని విడిపోయింది. కోర్టుకు వెళ్లలేదు. మరొకతన్ని పెళ్లి చేసుకుంది. అతనికి మొదటి పెళ్లి సంగతి తెలుసు. కూతురు పుట్టింది. తర్వాత గొడవలొచ్చి మనోవర్తి అడిగితే, మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దు కాలేదు కాబట్టి నువ్వు భార్యవే కావన్నాడు. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన మనోవర్తిని హైకోర్టు ఆమె విషయంలో కొట్టేసింది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ ఇచ్చింది. అన్నీ తెలిసి పెళ్లి చేసుకున్నవాడు ఆ లోపాన్నే సాకుగా చూపి బాధ్యత తప్పించుకోలేడని తీర్పు సారాంశం. మంచి తీర్పు. పాకాల ఆమెకు కూడా ఇది ఆధారం. కానీ 2005 నాటి ఒక్క కాగితానికి ఆమె పడిన తిప్పలు తేలడానికి 2025 రావలసి వచ్చిందని కూడా చెప్పండి.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకొకటుంది: ఏడేళ్లు విడిగా ఉంటే విడాకులు వాటంతట అవే వచ్చేస్తాయని. ఎక్కడా లేదు. ఏడేళ్లపాటు మనిషి బతికి ఉన్నట్టు కబురే తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చుననే సూత్రం ఒకటి వేరే ఉంది. మొగుడు తిరుపతిలో ఆటో తోలుతూ పండగకు పిల్లలకు బట్టలు పంపుతుంటే అది వర్తించదు. ఇరవై ఏళ్లు విడిగా ఉన్నా పెళ్లి పెళ్లే. ముస్లిం మహిళల విషయంలో, విడాకులైన వాళ్లకు మామూలు మనోవర్తి సెక్షన్ వర్తించదనే ప్రచారం షాబానో కేసు తర్వాత వచ్చిన 1986 చట్టం నుంచీ ఉంది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలైలో సుప్రీంకోర్టు, వర్తిస్తుందని తేల్చింది.

ఇప్పుడు ఆస్తి. "కట్నమిచ్చి, పసుపు కుంకుమ ఇచ్చి పంపినాం గదా, మళ్లీ భాగమేంది?" ఇది అన్నదమ్ముల మాట అనుకుంటాం, కానీ నేను తల్లుల నోటే ఎక్కువ విన్నాను. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. నేరం చేసి, దాన్ని వాటాలో చెల్లు వేసుకుంటామంటే ఎలా? మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికి దారి చూపింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయ్యేలా ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లను వదిలేసింది. ఆ ఒక్క మినహాయింపు పట్టుకుని ఇప్పటికీ "నీకు ఎనభై మూడులో పెళ్లయింది, నీకు రాదు" అని చెబుతున్నారు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో భాగాలు పంచుకుని ఉంటే మాత్రం దాన్ని కదిలించలేం. "నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం" అంటే చాలదు. మామూలుగా దాన్ని ఒప్పుకోరు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారాలు ఉంటే తప్ప. పాసుపుస్తకంలో అన్న పేరు ఉన్నంత మాత్రాన భూమి అతని ఒక్కడిదే అయిపోదు.

ఇక్కడే మొదటి కథకు తలకిందుల కథ నడుస్తుంది. విడాకుల విషయంలో చెల్లని కాగితాన్ని చెల్లుతుందని నమ్ముతారు. ఆస్తి దగ్గర, నిజంగా చెల్లే కాగితాన్ని ఉత్త లాంఛనమనుకుంటారు. కారులో రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోతారు, హోటల్లో భోజనం పెట్టిస్తారు, చీర కొనిస్తారు. "బ్యాంకు లోనుకు నీ సంతకం కావాలంట చెల్లెమ్మా" అంటారు. అక్కడ పెట్టింది హక్కు విడుదల పత్రం. రిజిస్టరైన ఆ పత్రం చెల్లుతుంది. మోసం చేసి పెట్టించుకున్నారని సివిల్ దావా వేయవచ్చు, కానీ సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో వేయాలి. ఆ లోపల "అన్నతో గొడవెందుకు, పుట్టింటి గడప మూసుకుపోతుంది" అంటూ కాలం గడిచిపోతుంది. పుట్టింటి గడపకు ఇన్ని ఎకరాల ధర కట్టిన సమాజం మనది.

మన వైపు అపోహ కూడా ఒకటి చెప్పాలి. తండ్రి సొంతంగా సంపాదించుకున్న ఆస్తిలో ఆయన బతికుండగా కూతురికి గానీ కొడుక్కి గానీ హక్కు లేదు. ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. రాయకుండా పోతే మాత్రం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానం. ఇది 1956 నుంచీ ఉంది. సమావేశాల్లో మనం "ఆడపిల్లకు సగం వాటా" అని ఒక్క ముక్కలో చెప్పేసి వస్తుంటాం. ఆ ముక్క పట్టుకుని కోర్టుకు వెళ్లి ఓడిపోయి వచ్చిన ఒకామె నన్ను అడిగింది, "మీరే గదమ్మా చెప్పింది" అని. నా దగ్గర సమాధానం లేకపోయింది.

అప్పుల దగ్గరికి వస్తాను. ఇది మీ పొదుపు సంఘాల్లో రోజూ నలిగే విషయం. కుట్టుమిషను పెట్టుకున్న ఒకామె వడ్డీకి ముప్పై వేలు తెచ్చింది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం, రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం. చాలావరకు కట్టేసింది, నోటి లెక్కే, రసీదు లేదు. కొన్నాళ్లకు చెక్కు మీద రెండు లక్షల ఎనభై వేలు రాసి బ్యాంకులో వేశారు. తిరిగి వచ్చింది. లాయరు నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది. ఇరుగుపొరుగు అంతా ఒకే సలహా ఇచ్చారు: "తీసుకోవద్దు మేయ్, తీసుకుంటే నువ్వు ఒప్పుకున్నట్టే." తలుపు వేసుకుంది. పోస్టుమ్యాన్ 'తీసుకోవడానికి నిరాకరించారు' అని రాసి తిప్పి పంపాడు.

అలా నిరాకరిస్తే నోటీసు అందినట్టే లెక్క. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపితే చాలునని 2007లో సుప్రీంకోర్టు ఈ చెక్కుల విషయంలోనే చెప్పింది. నోటీసు అందిన తర్వాత పదిహేను రోజుల గడువు ఉంటుంది. ఆ పదిహేను రోజుల్లో డబ్బు కట్టేయవచ్చు, లేదా 'నేను తీసుకున్నది ముప్పై వేలు, ఇంత కట్టాను, చెక్కు హామీగా ఇచ్చింది' అని జవాబు ఇవ్వవచ్చు. ఆమెకు ఉన్న ఒకే ఒక్క మంచి అవకాశం ఆ తలుపు వెనక పోయింది. చెక్కు కేసులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. 'అంకెలు నేను రాయలేదు' అంటే చాలదు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాళ్లు నింపినా కేసు నిలుస్తుందని 2019లో తీర్పు వచ్చింది. అంత అప్పు లేదని నిరూపించే భారం ఆమె మీదే పడుతుంది. అందుకే ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను: అప్పు ఏ రూపంలో తెచ్చినా, కట్టేది ఫోనులోనో బ్యాంకులోనో కట్టండి. ఆ లెక్క అబద్ధం చెప్పదు. కోర్టు సమన్లకూ ఇదే వర్తిస్తుంది. వెళ్లకపోతే సివిల్ కేసులో ఎక్స్‌పార్టీ డిక్రీ, చెక్కు కేసులో వారంటు.

ప్రోనోటుకు మూడేళ్లే గడువని ఇక్కడ అందరికీ తెలుసు. సగం తెలుసు. మూడో ఏడు దాటకముందే ఆసామి ఇంటికి వస్తాడు. "ఏదో వంద రూపాయలైనా ఇవ్వమ్మా, వెనకపక్క చెల్లు వేసుకుంటాను" అంటాడు. చాలా మర్యాదగా ఉంటాడు. ఆ వంద రూపాయల చెల్లు కింద ఆమె సంతకం పడిన రోజు నుంచి ఇంకో మూడేళ్లు మొదలవుతాయి. జామీను సంతకం కూడా అంతే. "ఊరికే సాక్షి సంతకం" అంటారు. సాక్షికి బాకీ బాధ్యత లేదు నిజమే. కానీ కాగితంలో 'జామీనుదారు' అని ఉంటే, అప్పు తీసుకున్నవాడిని అడగకుండానే నేరుగా ఈమెను పట్టుకోవచ్చు. సంతకం పైన ఏ మాట ఉందో చదివించుకోకుండా పెన్ను ముట్టుకోవద్దని సంఘాల్లో చెప్పండి.

పోలీసు స్టేషన్ గురించి క్లుప్తంగా. 'అత్తగారి ఊరి స్టేషన్‌కే పో' అనే మాట చెల్లదు. వేధింపులు భరించలేక పుట్టింటికి వచ్చిన స్త్రీ అక్కడే కేసు పెట్టవచ్చునని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి చట్టంలోనే ఉంది. ఫిర్యాదు కాగితం ఇచ్చి వస్తే కేసు అయిపోయిందనుకుంటారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతికి వచ్చిందా అని అడగండి. అది ఉచితంగా ఇవ్వాలి. చాలామందికి అక్కడ దొరికేది ఇంకో రాజీ కాగితం, ఇంకో సంతకం. రాత్రిపూట ఆడవాళ్లను అరెస్టు చేయకూడదన్నది నిజమే, కానీ మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా పోలీసు అధికారి చేయవచ్చు. సాక్ష్యం కోసమైతే స్త్రీని స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. గృహహింస చట్టం కింద కేసు పెడితే మర్నాడే మొగుణ్ణి లోపల వేస్తారని మనలో కొందరు హామీలు ఇస్తున్నారు. ఇవ్వకండి. 2005 నాటి ఆ చట్టం రక్షణ, నివాసం, ఖర్చులు ఇప్పించడానికి. ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరిస్తేనే శిక్ష.

లాయరు ఫీజు భయం మాట. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు. ఇచ్చే లాయర్లంతా శ్రద్ధగా పని చేస్తారని నేను చెప్పలేను. వెంటపడాలి, మనలో ఒకరు వాయిదాకు తోడు వెళ్లాలి.

పాకాల ఆమె కేసు ఇంకా నడుస్తోంది. సుప్రీంకోర్టు తీర్పు నకలు పెట్టాం. పోయిన వాయిదాకు ఆమె కూతురు కూడా వచ్చింది. తొమ్మిదో తరగతి. అమ్మ బాండు పేపరును వరండాలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి, "దీంట్లో యాడా జడ్జి సంతకమే లేదే" అంది.

ఇక నేను ఆపుతాను. నిన్న చెప్పినట్టు మీ దగ్గరున్న కాగితాలు తెచ్చే ఉంటారు. భోజనాల తర్వాత నలుగురు నలుగురుగా కూర్చుని చదువుదాం. ముందుగా ఆ కిటికీ పక్కన కూర్చున్న అవ్వ సంచీలో ఒక ప్రోనోటు ఉందట, వెనకపక్క మూడు చెల్లులు ఉన్నాయట. దాని తేదీలు చూద్దాం.